అమెరికాలో ఇన్‌క్లూజివ్ కాలేజీ ప్రోగ్రామ్‌లు: మేధో వైకల్యం, ఆటిజం ఉన్న పిల్లల్ని ఎలా సిద్ధం చేయాలి

హైస్కూల్ తర్వాత ఏమిటన్న ప్రశ్న చాలా ఇళ్లలో సీనియర్ ఇయర్‌లో మొదలవుతుంది. మేధో వైకల్యం ఉన్న పిల్లల విషయంలో అప్పుడు మొదలుపెడితే రెండు మూడేళ్లు ఆలస్యమైనట్టే. దరఖాస్తు నింపడం పెద్ద పనేమీ కాదు. దానికి కావలసిన కాగితాలు, పిల్లవాడికి ఉండాల్సిన అలవాట్లు మాత్రం ఒక్క సెమిస్టర్‌లో తయారు కావు.

అమెరికాలో ఇప్పుడు 300కు పైగా ఇన్‌క్లూజివ్ కాలేజీ ప్రోగ్రామ్‌లున్నాయి. పిల్లలు రెండేళ్లో, నాలుగేళ్లో క్యాంపస్‌లో చదువుకుంటారు. మామూలు విద్యార్థుల పక్కనే కూర్చుని కొన్ని క్లాసులు వింటారు, ఇంటర్న్‌షిప్ చేస్తారు, కొన్నిచోట్ల డార్మ్‌లో ఉంటారు. చివర్లో వచ్చేది ఎక్కువగా సర్టిఫికెట్టే, డిగ్రీ కాదు. 2008లో వచ్చిన హయ్యర్ ఎడ్యుకేషన్ ఆపర్చునిటీ యాక్ట్ వీటికి ఊతమిచ్చింది. హైస్కూల్ డిప్లొమా లేకపోయినా, డిగ్రీ చదవకపోయినా, మేధో వైకల్యం ఉన్న విద్యార్థి ఫెడరల్ సాయం పొందేందుకు ఆ చట్టం దారి తెరిచింది. అలా ఆమోదం పొందిన ప్రోగ్రామ్‌ను సీటీపీ అంటారు, అంటే కాంప్రహెన్సివ్ ట్రాన్సిషన్ అండ్ పోస్ట్‌సెకండరీ ప్రోగ్రామ్. ఈ మూడక్షరాలు ముందు ముందు చాలాసార్లు ఎదురవుతాయి.

ముందు దారి ఏదో తేల్చుకోండి

ఆటిజం అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు దారులున్నాయి. వాటిని కలిపేసుకున్న కుటుంబాలు ఏడాది వృథా చేసుకుంటాయి.

ఆటిజం ఉండి, మేధో వైకల్యం లేకుండా, హైస్కూల్ చదువు మామూలు స్థాయిలో పూర్తిచేసే పిల్లలకు డిగ్రీ దారి ఉంది. వాళ్లు అందరిలాగే అడ్మిషన్ తెచ్చుకుని, దానికి తోడు క్యాంపస్‌లో ఉన్న ఆటిజం సపోర్ట్ ప్రోగ్రామ్‌లో చేరతారు. మార్షల్ యూనివర్సిటీ, రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, యూనివర్సిటీ ఆఫ్ అలబామాల్లో ఇలాంటివి ఉన్నాయి. కాలేజీ ట్యూషన్ ఫీజు కాకుండా సపోర్ట్‌కు సాధారణంగా వేరే ఫీజు ఉంటుంది. అడ్మిషన్ వచ్చినంత మాత్రాన సపోర్ట్ సీటు రాదు, దానికి విడిగా దరఖాస్తు పెట్టాలి.

మేధో వైకల్యం ఉన్న పిల్లలకు, ఆటిజం కూడా ఉన్నా సరే, ఈ వ్యాసంలో చెప్పే ఇన్‌క్లూజివ్ ప్రోగ్రామ్‌లు సరిపోతాయి. జార్జ్ మేసన్ యూనివర్సిటీలో మేసన్ లైఫ్, వాండర్‌బిల్ట్‌లో నెక్స్ట్ స్టెప్స్, క్లెమ్‌సన్‌లో క్లెమ్‌సన్ లైఫ్, సిరక్యూజ్‌లో ఇన్‌క్లూజివ్ యు, యూనివర్సిటీ ఆఫ్ అయోవాలో రీచ్, టెక్సస్ ఏ అండ్ ఎంలో ఆగీ అచీవ్, యూసీ డేవిస్‌లో రెడ్‌వుడ్ సీడ్ స్కాలర్స్ ఈ కోవలోవి.

ఈ రెండింటి మధ్య ఇరుక్కునే పిల్లలున్నారు. ఐక్యూ 75కీ 85కీ మధ్య ఉంటుంది, మేధో వైకల్యం నిర్వచనంలోకి రారు, డిగ్రీ భారం మోయలేరు. వీళ్లను తీసుకునే ఇన్‌క్లూజివ్ ప్రోగ్రామ్‌లు కొన్ని ఉన్నాయి కానీ, మేధో వైకల్యం రుజువు లేకపోతే సీటీపీ కింద ఫెడరల్ గ్రాంట్ రాదు. వీళ్లకు కమ్యూనిటీ కాలేజీలో ఒక్కో సెమిస్టర్‌కు ఒకటి రెండు కోర్సులు, లేదంటే ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఉండే వృత్తి సర్టిఫికెట్లు మెరుగ్గా కుదురుతాయి.

పదో తరగతి నుంచి కాగితాలు చూసుకోండి

ఫెడరల్ సాయానికి విద్యార్థికి మేధో వైకల్యం ఉందని రుజువు చూపాలి. ఐఈపీ (స్కూల్ రాసే వ్యక్తిగత విద్యా ప్రణాళిక)లో అర్హత కేటగిరీ 'ఇంటలెక్చువల్ డిసబిలిటీ' అని ఉంటే పని సులువు. మన ఇళ్లలో తరచూ జరిగేది వేరు. ఆ మాట రికార్డులో పడితే పిల్లవాడిపై ముద్ర పడుతుందన్న భయంతో తల్లిదండ్రులు కేటగిరీని 'ఆటిజం'గానే ఉంచమంటారు. భయం అర్థం చేసుకోదగ్గదే. ఫలితం మాత్రం 18 ఏళ్లకు తెలుస్తుంది: ఐఈపీ ఒక్కటే చూపిస్తే కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు ఒప్పుకోదు. అప్పుడు కేటగిరీ మార్చక్కర్లేదు. సైకాలజిస్టు చేసిన పూర్తి మూల్యాంకనంలో మేధో వైకల్యం నిర్ధారణ ఉంటే చాలు, లేదా సోషల్ సెక్యూరిటీ, వొకేషనల్ రిహాబిలిటేషన్ (వైకల్యం ఉన్నవాళ్లను ఉద్యోగానికి సిద్ధం చేసే సంస్థ) లాంటి ప్రభుత్వ సంస్థ రికార్డులో అలా ఉన్నా పనికొస్తుంది.

ఇక్కడ ఇంకో గోతి ఉంది. స్కూల్ ప్రతి మూడేళ్లకోసారి రీఎవాల్యుయేషన్ చేయాలి. పిల్లవాడి పదహారు పదిహేడేళ్లప్పుడు స్కూల్ తరచూ 'కొత్త పరీక్షలు అవసరం లేదు, ఉన్న సమాచారం చాలు' అని ఓ కాగితం ముందు పెడుతుంది. తల్లిదండ్రులు సంతకం పెట్టేస్తారు. తీరా కాలేజీకి దరఖాస్తు పెట్టేటప్పుడు చేతిలో ఉండేది ఎనిమిదో తరగతి నాటి రిపోర్ట్. చాలా ప్రోగ్రామ్‌లు మూడేళ్లకు మించని రిపోర్ట్ అడుగుతాయి. బయట చేయించుకుంటే వేల డాలర్లవుతుంది. అందుకే జూనియర్ ఇయర్‌లో, మాటలతో కాకుండా రాతపూర్వకంగా, కాగ్నిటివ్ (ఆలోచనా శక్తి), అడాప్టివ్ (రోజువారీ పనులు), అకడమిక్ పరీక్షలు మూడూ కలిపి పూర్తి రీఎవాల్యుయేషన్ కావాలని అడగండి. 16 నిండాక చేసే పరీక్ష పెద్దవాళ్లకు వాడే వైస్ అనే ఐక్యూ పరీక్ష అయితే మంచిది, కాలేజీకీ ఇతర సంస్థలకీ అదే ఎక్కువ కాలం పనికొస్తుంది. బడి వదిలాక ఈ పరీక్షలు చేసే బాధ్యత స్కూల్‌కు ఉండదు. వెళ్లేటప్పుడు ఇవ్వాల్సింది సమ్మరీ ఆఫ్ పెర్ఫార్మెన్స్ ఒక్కటే.

అడాప్టివ్ పరీక్షలో, ఉదాహరణకు వైన్‌ల్యాండ్‌లో, జవాబులు చెప్పేది తల్లిదండ్రులే. 'స్నానం సొంతంగా చేస్తాడా?' అంటే అమ్మ 'చేస్తాడు' అనేస్తుంది. నీళ్ల వేడి సరిచూసేది తనే, టవల్, బట్టలు తీసిపెట్టేది తనే, 'సబ్బు రాసుకున్నావా కన్నా' అని తలుపు బయటి నుంచి రెండుసార్లు అడిగేదీ తనే. రోజూ చేసే సాయం కాబట్టి అది సాయంలా కనిపించదు. పరీక్ష అడిగేది ఎవరూ గుర్తుచేయకుండా, ఎవరూ సిద్ధం చేయకుండా మామూలుగా ఏం చేస్తాడన్నది. స్కోరు ఉన్నదానికన్నా ఎక్కువొస్తే రుజువు బలహీనపడుతుంది, కాలేజీ వాళ్లు తప్పుడు అంచనాతో తక్కువ సపోర్ట్ పెడతారు. ఫారం నింపే ముందు ఒక వారం పాటు మీరు చేసే ప్రతి సాయాన్నీ ఓ కాగితం మీద రాసుకోండి.

డిప్లొమా తీసుకునే ముందు

అర్హత ఉన్న పిల్లలకు ఉచిత ప్రభుత్వ విద్య చాలా రాష్ట్రాల్లో 21 లేదా 22వ పుట్టినరోజు దాకా, మిషిగన్‌లో 26 దాకా ఉంటుంది. రెగ్యులర్ హైస్కూల్ డిప్లొమా చేతికొచ్చిన రోజున ఆ హక్కు ముగుస్తుంది. సర్టిఫికెట్ ఆఫ్ కంప్లీషన్ తీసుకుంటే ముగియదు. తోటి పిల్లలతో కలిసి గౌను వేసుకుని వేదికెక్కి, డిప్లొమా మాత్రం వాయిదా వేసుకునే వీలు చాలాచోట్ల ఉంది. గ్రాడ్యుయేషన్‌కు ముందు స్కూల్ రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అది వచ్చిందంటే సంతకం పెట్టకముందే ప్రశ్నించండి.

ఎందుకంత పట్టింపు అంటే, 18 నుంచి 21 మధ్య స్కూల్ డిస్ట్రిక్ట్ ఖర్చుతోనే కాలేజీలో చేరే వీలుంది. దీన్ని డ్యుయల్ లేదా కన్‌కరెంట్ ఎన్‌రోల్‌మెంట్ అంటారు. మసాచుసెట్స్‌లో ఇది 2007 నుంచి ప్రత్యేక పథకంగానే నడుస్తోంది. ఐఈపీలో ట్రాన్సిషన్ (బడి తర్వాతి జీవితానికి మారడం) లక్ష్యంగా కాలేజీ కోర్సు అన్న మాట రాసి ఉండాలి, లేకపోతే డిస్ట్రిక్ట్ డబ్బు కట్టదు. ట్రాన్సిషన్ ప్లాన్ 16 ఏళ్లకల్లా ఐఈపీలో చేరాలని ఫెడరల్ చట్టం చెబుతుంది, కొన్ని రాష్ట్రాల్లో 14కే. 'కమ్యూనిటీలో పాల్గొంటాడు' లాంటి గాలి వాక్యాలను ఒప్పుకోకండి. 'హైస్కూల్ తర్వాత ఇన్‌క్లూజివ్ కాలేజీ ప్రోగ్రామ్‌లో చేరతాడు' అని సూటిగా రాయించండి.

అలాగని 22 దాకా స్కూల్లోనే ఉంచేయడం అందరికీ మంచిది కాదు. కొన్ని ప్రోగ్రామ్‌లకు వయోపరిమితి ఉంటుంది, ఇరవయ్యుల మధ్యలో ఆగిపోతుంది. స్కూల్ ట్రాన్సిషన్ క్లాసులో మూడేళ్లూ అవే పనులు మళ్లీ మళ్లీ చేయిస్తుంటే, ముందే బయటికి రావడం మేలు.

ప్రోగ్రామ్‌ను ఎలా అంచనా వేయాలి

మసాచుసెట్స్ యూనివర్సిటీ బోస్టన్ క్యాంపస్‌లో ఉన్న థింక్ కాలేజ్ అనే జాతీయ కేంద్రం వెబ్‌సైట్‌లో ప్రోగ్రామ్‌ల జాబితా ఉంటుంది. రాష్ట్రం, వసతి, సీటీపీ ఆమోదం, హైస్కూల్‌లో ఉండగానే చేరవచ్చా అన్న అంశాలతో వెతుక్కోవచ్చు. సీటీపీ ఆమోదాన్ని ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్ జాబితాలో ఇంకోసారి సరిచూసుకోండి.

పేరులో ఇన్‌క్లూజివ్ అని ఉన్న ప్రతిదీ అలా ఉండదు. ఫెడరల్ నిబంధన ప్రకారం సీటీపీలో విద్యార్థి పాల్గొనే సమయంలో కనీసం సగం, వైకల్యం లేని విద్యార్థులతో కలిసి చదివే కోర్సుల్లోనో, వాళ్లతో కలిసి చేసే పనిలోనో, ఇంటర్న్‌షిప్‌లోనో గడవాలి. ఆ సగాన్ని లెక్కగట్టేది కాలేజీయే. అందుకే తేడాలు చాలా ఎక్కువ. ఒకచోట వారానికి నాలుగు రెగ్యులర్ క్లాసులుంటే, ఇంకోచోట రోజంతా ఒకే గదిలో వంట, బడ్జెట్, శుభ్రత పాఠాలే ఉంటాయి. రెండో రకం హైస్కూల్ స్పెషల్ ఎడ్ గదినే కాలేజీ భవనంలోకి మార్చినట్టుంటుంది. ఆ పాఠాలకు అంత డబ్బు కట్టడం అనవసరమని మా గట్టి అభిప్రాయం.

అడగాల్సినవి ఇవి. బ్రోషర్‌తో సరిపెట్టుకోకుండా, ఒక విద్యార్థి మంగళవారం టైమ్‌టేబుల్ అసలైనది చూపించమనండి. దాంట్లో కాలేజీ క్యాటలాగ్ నంబరున్న కోర్సులెన్ని? ప్రొఫెసర్ అసైన్‌మెంట్‌ను మార్చి ఇస్తారా, లేక పిల్లవాడు ఊరికే కూర్చుని వస్తాడా? పీర్ మెంటర్‌కు (తోడుండే తోటి విద్యార్థికి) జీతమిస్తారా, శిక్షణ ఎన్ని గంటలు? సాయంత్రం ఆరు తర్వాత, శని ఆదివారాల్లో ఎవరుంటారు? డార్మ్‌లో వీళ్లందరినీ ఒకే అంతస్తులో పెడతారా? గత మూడేళ్లలో పూర్తిచేసిన వాళ్లలో ఇప్పుడు కనీస వేతనానికి తగ్గకుండా జీతంతో పనిచేస్తున్నవాళ్లెందరు, వారానికి ఎన్ని గంటలు? మధ్యలో మానేసిన వాళ్లెందరు, ఎందుకు?

చివరి రెండింటికి జవాబు రాకపోతే ఆ ప్రోగ్రామ్‌ను జాబితాలో కిందికి దించండి.

క్యాంపస్ చూడ్డానికి వెళ్లినప్పుడు, మధ్యాహ్నం పన్నెండుకు డైనింగ్ హాల్‌కు పిల్లవాణ్ని తీసుకెళ్లండి. గోల, వాసనలు, పొడవాటి వరుస, స్వైప్ కార్డు అన్నీ ఒకేచోట ఉంటాయి. శబ్దం పడని పిల్లలకు కాలేజీలో మొదట దెబ్బతీసేది క్లాస్‌రూమ్ కాదు, ఈ హాలే. అక్కడ తట్టుకోలేకపోతే, రద్దీ లేని వేళల్లో భోజనం, పార్సెల్ కుదురుతాయా అని అప్పుడే అడగొచ్చు.

డబ్బు

కమ్యూనిటీ కాలేజీలో ఇంటి నుంచి వెళ్లొచ్చే ప్రోగ్రామ్‌కు ఏడాదికి కొన్ని వేలు, వసతితో కూడిన యూనివర్సిటీ ప్రోగ్రామ్‌కు పదుల వేల డాలర్లు అవుతాయి. ట్యూషన్ కాకుండా ప్రోగ్రామ్ ఫీజు అని వేరే ఉంటుంది, పెద్ద మొత్తం తరచూ అదే.

సీటీపీలో చేరిన వాళ్లకు తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయాలైన పెల్ గ్రాంట్, ఎస్‌ఈఓజీ, చదువుతూ పనిచేసి సంపాదించుకునే వర్క్ స్టడీ వస్తాయి. ఫెడరల్ అప్పులు రావు. 2025–26లో పెల్ గరిష్ఠం 7,395 డాలర్లు, అదీ కుటుంబ ఆదాయాన్ని బట్టి. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లకు పెల్ దక్కకపోవచ్చు. అయినా ఫాఫ్సా (ఫెడరల్ సాయానికి పెట్టే దరఖాస్తు) నింపండి. కొన్ని రాష్ట్రాల స్కాలర్‌షిప్‌లకు అదే ఆధారం, వొకేషనల్ రిహాబిలిటేషన్ వాళ్లు కూడా ముందు గ్రాంట్లకు ప్రయత్నించారా అని చూస్తారు. ఫాఫ్సా పంపి ఊరుకోకండి. విద్యార్థి సీటీపీలో ఉన్నాడని ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు విడిగా తెలియజేయాలి, లేకపోతే డిప్లొమా లేదన్న కారణంతో ఫైలు ఆగిపోతుంది.

వొకేషనల్ రిహాబిలిటేషన్, అందరూ వీఆర్ అనే రాష్ట్ర సంస్థ, ట్యూషన్‌లో కొంత, జాబ్ కోచ్, రవాణా ఖర్చులు భరించవచ్చు. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు. దరఖాస్తు పెట్టిన 60 రోజుల్లో అర్హత తేల్చాలి, ఆ తర్వాత 90 రోజుల్లో ఉద్యోగ ప్రణాళిక రాయాలి. ఆ ప్రణాళికలో కాలేజీ ప్రోగ్రామ్ పేరు, అది ఏ ఉద్యోగానికి దారితీస్తుందో ఉండాలి. 'పిల్లవాడికి కాలేజీ అనుభవం కావాలి' అంటే వీఆర్ డబ్బివ్వదు. 'పిల్లల సంరక్షణ కేంద్రంలో సహాయకురాలిగా పనిచేయాలని ఉంది, దానికి ఈ కోర్సులు కావాలి' అంటే మాట నిలుస్తుంది. హైస్కూల్‌లో ఉండగా దొరికే ప్రీ-ఈటీఎస్ (ఉద్యోగానికి ముందస్తు శిక్షణ) సేవలకు వీఆర్ దరఖాస్తు పూర్తి కాకపోయినా అర్హత ఉంటుంది. తొమ్మిది, పది తరగతుల్లోనే అడగండి.

18 నిండాక ఎస్‌ఎస్‌ఐకి (వైకల్యం ఉండి, ఆస్తి, ఆదాయం తక్కువున్నవాళ్లకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సొమ్ము) తల్లిదండ్రుల ఆదాయం లెక్కలోకి రాదు. కానీ పిల్లవాడి పేరున ఉన్న ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. ఇక్కడే మనవాళ్లు దెబ్బతింటారు. తాతయ్య పిల్లవాడి పేరున పెట్టిన స్థలం, బామ్మ వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్, పుట్టినరోజుల బంగారం, ఇవి ఇండియాలో ఉన్నా లెక్కలోకి వస్తాయి. పిల్లవాడి పేరున ఏదీ పెట్టొద్దని బంధువులకు ముందే చెప్పి, ఇవ్వాలనుకున్నది స్పెషల్ నీడ్స్ ట్రస్ట్‌కు రాయించండి. ఏబుల్ అనే, వైకల్యం ఉన్నవాళ్ల పొదుపు ఖాతాలో లక్ష డాలర్ల దాకా ఉన్నా ఎస్‌ఎస్‌ఐకి అడ్డు రాదు, దాన్ని చదువు ఖర్చులకు వాడుకోవచ్చు. 529 ప్లాన్ అనే చదువు పొదుపు ఖాతాలో ముందే దాచినవాళ్లు ఏటా పరిమితికి లోబడి ఏబుల్‌కు మార్చుకోవచ్చు.

మెడికెయిడ్ వెయివర్ (వైకల్యం ఉన్నవాళ్లకు ఇంట్లో, బయటా సాయానికి రాష్ట్రం ఇచ్చే సేవలు) కోసం వెయిటింగ్ లిస్టులు ఏళ్ల తరబడి ఉంటాయి. కాలేజీ ఆలోచన ఉన్నా లేకపోయినా ఈ వారమే పేరు రాయించండి. ఒక రాష్ట్రంలో వచ్చిన వెయివర్ ఇంకో రాష్ట్రానికి రాదు. వేరే రాష్ట్రంలో కాలేజీ ఎంచుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

వీసా మీద ఉన్న కుటుంబాలు

స్కూల్ చదువుకు, ఐఈపీకి వీసా స్థితి అడ్డు కాదు. కాలేజీ దగ్గర అంతా మారిపోతుంది. ఫాఫ్సా పౌరులకూ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ, మరికొన్ని కేటగిరీల వాళ్లకే. హెచ్-4 మీద ఉన్న పిల్లలకు పెల్ రాదు. వీఆర్ లక్ష్యం ఉద్యోగమే కాబట్టి, పనిచేసేందుకు అనుమతి ఉండాలి.

21 నిండితే హెచ్-4 పోతుంది. అప్పటికి ఎఫ్-1కు మారాలంటే కాలేజీ ఐ-20 ఇవ్వాలి, అందుకు ఫుల్‌టైమ్ కోర్సు ఉండాలి. ఈ సర్టిఫికెట్ ప్రోగ్రామ్‌కు ఐ-20 ఇస్తారా అని ప్రోగ్రామ్ డైరెక్టర్‌ను కాదు, ఆ కాలేజీ ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసును అడగండి. దరఖాస్తు ఫీజు కట్టకముందే అడగండి. పిల్లవాడి వయసు 18 దాటకముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో కూర్చోవడం ఈ ఇళ్లలో తప్పనిసరి.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఇంకో మాట. తల్లిదండ్రుల్లో ఒకరు పిల్లవాడికి 18 నిండకముందే పౌరసత్వం తీసుకుంటే, గ్రీన్ కార్డుతో వాళ్ల దగ్గరే ఉంటున్న పిల్లవాడికి దానంతటదే పౌరసత్వం వస్తుంది. 18 దాటితే విడిగా దరఖాస్తు పెట్టాలి, సివిక్స్, ఇంగ్లిష్ పరీక్షల మినహాయింపుకు డాక్టరు ఎన్-648 ఫారం నింపాలి. గ్రీన్ కార్డుతో ఎస్‌ఎస్‌ఐ రావాలంటే సాధారణంగా 40 క్వార్టర్ల (సుమారు పదేళ్ల) పని లెక్క చూపాలి, పిల్లవాడికి 18 నిండేలోగా తల్లిదండ్రులు చేసిన పని ఆ లెక్కలో కలుస్తుంది. పౌరసత్వం ఉంటే ఈ చిక్కే ఉండదు. 'తర్వాత చూద్దాంలే' అనుకుని సిటిజన్‌షిప్ వాయిదా వేస్తున్నవాళ్లు క్యాలెండర్ చూసుకోండి.

ఇంట్లో నేర్పాల్సినవి

చదవడం, లెక్కలు ఏ స్థాయిలో ఉన్నా చేర్చుకునే ప్రోగ్రామ్‌లున్నాయి. రెండు మూడు గంటలు ఎవరి పర్యవేక్షణా లేకుండా ఉండలేకపోతే మాత్రం చాలావరకు చేర్చుకోవు. కాబట్టి ఇంట్లో ట్యూషన్ గంట తగ్గించయినా సరే, వీటికి సమయం పెట్టండి: ఒంటరిగా ఉండటం, మందులు, ఫోన్, ఈమెయిల్, డెబిట్ కార్డు, బట్టలుతకడం, తెలియనప్పుడు ఎవరినైనా అడగడం.

మందుల సంగతి దగ్గరగా చూద్దాం, వసతి ప్రోగ్రామ్‌లలో సిబ్బంది సాధారణంగా మందులు ఇవ్వరు కాబట్టి. ఏడు అరల డబ్బా కొనండి. మొదటి నెల ఆదివారం సాయంత్రం మీ పక్కన కూర్చుని తనే మాత్రలు అరల్లో వేయాలి, మీరు చూస్తారు, చేయి పెట్టరు. రెండో నెల ఫోన్ అలారం మోగుతుంది, తనే వేసుకుంటాడు, మీరు పది నిమిషాల తర్వాత అర ఖాళీ అయిందో లేదో చూస్తారు. మూడో నెల అర చూడటం రాత్రికి మారుతుంది. తర్వాత మీ నోటి నుంచి 'మందు వేసుకున్నావా' అన్న మాట రాకూడదు. అలారం స్థానంలో మీ గొంతు ఉన్నంత కాలం అలవాటు ఏర్పడదు. ఫిట్స్ మందులతో మాత్రం ఈ పరీక్షలు చేయకండి, ఒక్క డోసు తప్పినా ప్రమాదం. డాక్టరును అడిగి, వాటికి మీ పర్యవేక్షణ చివరిదాకా ఉంచండి. ఏడీహెచ్‌డీ మందులు డార్మ్‌లలో దొంగతనానికి గురవుతాయి, తాళం ఉన్న చిన్న పెట్టె, తాళం వేయడం కూడా నేర్పాలి.

ఒంటరిగా ఉండటం అరగంటతో మొదలుపెట్టి రెండు గంటలకు, తర్వాత సగం రోజుకు, చివరికి ఒక రాత్రికి పెంచండి. ఆ సమయంలో మీరు ఫోన్ చేయకూడదు, తను చేస్తే తీయాలి. ఫైర్ అలారం వీడియో తక్కువ శబ్దంతో వినిపిస్తూ పెంచుతూ పోండి. డార్మ్‌లో అర్ధరాత్రి అది మోగుతుంది, చెవులు మూసుకుని మంచం కింద దూరే పిల్లలున్నారు. హెడ్‌ఫోన్ తలుపు కొక్కేనికే వేలాడాలి, అది పెట్టుకుని బయటికి నడవడం కనీసం పదిసార్లు సాధన చేయాలి.

శరీరం, ఇష్టం, అయిష్టం, డేటింగ్ గురించి ఇంట్లో మాట్లాడకుండా కాలేజీకి పంపకండి. మాట్లాడటం ఇబ్బందిగా ఉంటే కౌన్సిలర్‌తో మాట్లాడించండి, కానీ తప్పించకండి. 'వద్దు' అని చెప్పడం తెలియని పిల్లవాడు మోసపోతాడు. ఎదుటివాళ్ల 'వద్దు' అర్థం కాని పిల్లవాడిపై క్యాంపస్‌లో టైటిల్ నైన్ (లైంగిక వేధింపులను నిషేధించే చట్టం) కింద ఫిర్యాదు వస్తుంది, అప్పుడు వైకల్యం ఉందన్న జవాబు సరిపోదు.

దరఖాస్తు, ఇంటర్వ్యూ

గడువులు ఎక్కువగా చేరే ఏడాదికి ముందు శీతాకాలంలో ఉంటాయి. సీట్లు తక్కువ, ఏటా పది ఇరవై మందిని మాత్రమే తీసుకునేవే ఎక్కువ. కావాల్సినవి: తాజా ఐఈపీ, సైకాలజిస్ట్ రిపోర్ట్, రెండు మూడు సిఫారసు లేఖలు, విద్యార్థి సొంత మాటల్లో జవాబులు, కొన్నిచోట్ల చిన్న వీడియో. సిఫారసు లేఖల్లో ఒకటి టీచరు కాకుండా, వలంటీర్ పనిలోనో, ఉద్యోగంలోనో పర్యవేక్షించిన వాళ్లది అయితే ఎంతో బలం.

విద్యార్థి జవాబుల్ని మీరు తిరగరాయకండి. ఏటా ఇవి చదివే కమిటీకి అమ్మ రాసింది ఏదో, పిల్లవాడు రాసింది ఏదో మొదటి వాక్యంలోనే తెలుస్తుంది. రాయలేని పిల్లవాడు మాట్లాడితే రికార్డు చేసి, ఉన్నదున్నట్టు టైప్ చేసి, అలా చేశామని పైన రాయండి. ఏఏసీ పరికరంతో (మాట్లాడలేనివాళ్లు మాటకు బదులు వాడేది) చెప్పినా సరే.

ఇంటర్వ్యూలో 'ఇక్కడ ఏం నేర్చుకోవాలని ఉంది?' అని అడుగుతారు. నిశ్శబ్దం పది సెకన్లు సాగుతుంది, నాన్న అందుకుంటాడు: 'మావాడికి కంప్యూటర్లంటే ఇష్టమండీ.' ఆ కుర్రాడికి ఇంకొక్క ఐదు సెకన్లు చాలేవి. ఇంట్లో సాధన చేసేటప్పుడు ప్రశ్న అడిగి మనసులో ఇరవై లెక్కపెట్టండి, నోరు తెరవకండి. 'నువ్వే చెప్పు నాన్నా' అని కూడా తొందరపెట్టకండి. కాలేజీకి రావాలన్న కోరిక ఎవరిది అన్నదే కమిటీ చూసే మొదటి విషయం. నిజంగా పిల్లవాడికి ఇష్టం లేకపోతే, ఏడాది ఆగి ఉద్యోగ శిక్షణతో మొదలుపెట్టడంలో తప్పు లేదు.

18 నిండాక మారేవి

కాలేజీలో ఐఈపీ లేదు. వైకల్య హక్కుల చట్టాలైన ఏడీఏ, సెక్షన్ 504 కింద సదుపాయాలే ఉంటాయి, వాటిని విద్యార్థే అడగాలి. ఫెర్పా చట్టం ప్రకారం రికార్డులపై హక్కు విద్యార్థికి మారిపోతుంది, సంతకం చేసిన అనుమతి పత్రం లేకపోతే మీరు ఫోన్ చేసినా సిబ్బంది మాట్లాడకపోవచ్చు. ఆ పత్రం, వైద్య సమాచారానికి హిప్పా అనుమతి, వైద్య నిర్ణయాలకు హెల్త్ కేర్ ప్రాక్సీ, ఈ మూడూ చేరకముందే చేయించండి. పూర్తి గార్డియన్‌షిప్‌కు (పిల్లవాడి తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారానికి) కోర్టుకు వెళ్లే ముందు, నమ్మకమైనవాళ్ల సాయంతో పిల్లవాడే నిర్ణయించుకునే సపోర్టెడ్ డెసిషన్ మేకింగ్ గురించి తెలుసుకోండి. టెక్సస్ 2015లో దీనికి మొదట చట్టం చేసింది, తర్వాత చాలా రాష్ట్రాలు చేశాయి. ఒకసారి పోయిన హక్కుల్ని కోర్టు నుంచి తిరిగి తెచ్చుకోవడం కష్టం.

మొదటి సెమిస్టర్, చివరి సెమిస్టర్

మొదటి ఆరు వారాల్లో ఎక్కువగా చెడేవి మూడు: నిద్ర, ఈమెయిల్, ఇంటి ఫోన్లు. రాత్రి రెండు దాకా వీడియో గేములు, పొద్దున క్లాసు పోతుంది. ఈమెయిల్ చూడకపోతే గది మారిన సంగతి తెలియదు, తొమ్మిదికీ అయిదుకీ రోజుకు రెండుసార్లు చూసే అలవాటు ఇంట్లోనే చేయించాలి. అమ్మ రోజుకు అయిదుసార్లు ఫోన్ చేస్తే ప్రతి చిన్న సమస్యా ఇంటికే వస్తుంది, పక్కనున్న మెంటర్‌కు వెళ్లదు. రోజుకు ఒక్క కాల్, ఒకే సమయానికి పెట్టుకోండి. సమస్య చెబితే 'దీనికి అక్కడ ఎవర్ని అడగొచ్చు?' అని అడగండి.

చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయాలన్నది చాలామంది పట్టించుకోరు. కాలేజీ ఊళ్లో చేసిన ఉద్యోగం, అక్కడి జాబ్ కోచ్, అక్కడి మేనేజర్ పరిచయం, చదువైపోయి మీ ఊరు తిరిగొచ్చాక దేనికీ పనికిరావు. ఆఖరి సెమిస్టర్ పని పిల్లవాడు ఆ తర్వాత ఎక్కడ ఉండబోతున్నాడో ఆ ఊళ్లో కుదర్చమని ప్రోగ్రామ్‌ను ఏడాది ముందే అడగండి. వేరే రాష్ట్రమైతే అక్కడి వీఆర్‌లో కొత్త కేసు తెరవాలి. అర్హతకు 60, ప్రణాళికకు 90 రోజులు మళ్లీ మొదటి నుంచి లెక్క కాబట్టి, మేలో సర్టిఫికెట్ వచ్చే పిల్లవాడికి డిసెంబర్‌లోనే దరఖాస్తు పెట్టండి.